తీగ కింద ఇనుము



నా ముందు బల్ల మీద మూడు లోహపు దిమ్మెలున్నాయి. మూడూ అరచేతిలో ఇమిడేవే. ఒక్కోదాన్ని దారానికి కట్టి వేలాడదీసి, స్పూనుతో తడతాను. రేడియో గొంతు కొంచెం పెంచుకోండి.

ఇది మొదటిది. (చప్పుడు) టక్కుమని ఆగిపోయింది. జింకు పోత. ఇది రెండోది. (చప్పుడు) ఉక్కు. సన్నగా, పదునుగా పలికి కాస్త నిలిచింది. ఇది ఇత్తడి. (చప్పుడు) ఇదీ నిలిచింది కానీ గొంతు ఒక మెట్టు కిందికి దిగింది.

ఇవి ఎలక్ట్రిక్ గిటారు పొట్టలో దాగి ఉండే ముక్కలు. ట్రెమొలో బ్లాక్ అంటారు. గిటారు పట్టిన కుర్రాళ్లు నలుగురు చేరితే దీని మీద వాదన తెగదు. ఇత్తడి వేస్తే నాదం గుండ్రంగా వస్తుందని ఒకడు, ఉక్కు వేస్తేనే ఖంగుమంటుందని ఇంకొకడు, జింకు ఉన్న గిటారు గిటారే కాదని మూడోవాడు. ఇలా తట్టి వినిపిస్తే ఎవరైనా నమ్ముతారు, అమ్మేవాళ్లు తట్టి వినిపించే అమ్ముతున్నారు. నాకు మాత్రం ఈ పూట చెప్పాల్సింది ఒకటుంది. దారానికి వేలాడుతూ ఈ దిమ్మె పలికిన పలుకు గిటారులో బిగించాక మీకు వినబడదు. అక్కడ దాని ఉద్యోగం పలకడం కాదు, తీగ పలుకుతుంటే అడ్డం రాకుండా ఉండడం.

ముందు ఈ దిమ్మె ఎక్కడి నుంచి వచ్చిందో, గిటారులో ఎక్కడుంటుందో చెబుతాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ అనే ఊరు. అక్కడ లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు రిపేరు చేసే కొట్టుతో బతుకు మొదలుపెట్టి గిటార్ల కంపెనీ దాకా వచ్చాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటారు తెచ్చాడు. తీగలు ఆనే బ్రిడ్జి కదిలే రకమైతే దాని ధర 249 డాలర్ల 50 సెంట్లు, బ్రిడ్జి కదలని రకమైతే 20 డాలర్లు తక్కువ. బ్రిడ్జి పక్కన ఒక ఉక్కు చువ్వ ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితే ఆరు తీగలూ ఒక్కసారే వదులై శ్రుతి దిగుతుంది, వదిలితే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అలా ఊపుతుంటే స్వరం అలలు పోతుంది. షాడోస్ బృందంలో హ్యాంక్ మార్విన్ 1960లో ఈ చువ్వతో తీసిన నాదం విని ఎంతమంది గిటారు పట్టారో లెక్కలేదు.

గిటారు వెనక్కి తిప్పి ప్లాస్టిక్ మూత ఊడదీస్తే లోపలి సంగతి కనబడుతుంది. పైన పల్చటి ఉక్కు పలక. దాని ముందంచు ఆరు మరమేకుల మీద మొనదేలి ఆనుకుని ఉంటుంది, తక్కెడ కాడ ముల్లు మీద నిలబడే పద్ధతి. ఆ పలక కింద మూడు స్క్రూలతో ఈ దిమ్మె వేలాడుతుంది. ఆరు తీగల చివర్లూ దీని బెజ్జాల్లోనే చిక్కుకుని ఉంటాయి. దిమ్మె అడుగున మూడు నుంచి ఐదు స్ప్రింగులు. మామూలు సైజు తీగలు ఆరూ కలిసి 45 కిలోలకు పైగా బరువుతో ఒక వైపు లాగుతుంటాయి, స్ప్రింగులు దానికి సరితూగేలా రెండో వైపు లాగుతుంటాయి. ఈ లాగులాటలో బ్రిడ్జి కదలకుండా నిలబడాలి, కానీ చెయ్యి వెయ్యగానే కదలాలి. అసలు కష్టమంతా ఈ రెండు పనులూ ఒకే వస్తువుకు అప్పజెప్పడంలో ఉంది.

లియో మొదట చేసిన నమూనాలో ఈ దిమ్మె లేదని ఆ గిటారు చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తీగలు చిన్న చిన్న రోలర్ల మీదుగా వెళ్లి వెనక విడిగా ఒకచోట చిక్కుకునేవట. శ్రుతి అలలు పోయింది గానీ నాదం పలచబడింది, మీటిన స్వరం నిలవకుండా చచ్చింది. అప్పటికే అచ్చులకు పోసిన డబ్బంతా వదిలేసుకుని మళ్లీ మొదటికొచ్చారు. రెండోసారి బ్రిడ్జినీ తీగలు కట్టే చోటునూ ఒకే వస్తువు చేసి, దాని కింద బరువైన ఉక్కు దిమ్మె వేలాడదీశారు. 1956లో వచ్చిన పేటెంటు దీనిదే. అంటే లోహం బాగా పలుకుతుందని పెట్టిన దిమ్మె కాదిది. కదిలే బ్రిడ్జి తీగ బలాన్ని తినేస్తోందని, ఆ తినడం ఆపడానికి పెట్టిన బరువు.

ఈ తినడం ఎట్లా జరుగుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పెద్ద పగ్గం ఒకటి తీసుకుని ఒక చివర రాతి కూసానికి కట్టి, రెండో చివర పట్టుకుని ఒక్క విదుపు విదపండి. అల కూసం దాకా పోయి వెనక్కి తిరిగి మీ చేతికే వస్తుంది. అదే పగ్గం దూడ మెడకు కట్టి విదిపితే దూడ మెడ ఊపుతుంది, అల సగం అక్కడే పోతుంది. తీగ సంగతీ అంతే. మీటినప్పుడు అందులో పుట్టిన అల రెండు చివర్ల మధ్యా సెకనుకు పదుల, వందల సార్లు పోయి వస్తుంటుంది. మంద్రపు తీగ సెకనుకు 82 సార్లు అదురుతుంది, సన్న తీగ 330 సార్లు. తగిలిన ప్రతిసారీ బ్రిడ్జి కొంచెం కదిలితే కొంచెం బలం అక్కడ పోతుంది. అలా పోయిన బలం స్వరానికి ఆయుష్షు తగ్గిస్తుంది. గిటారు వాళ్లు సస్టెయిన్ అనేది ఈ ఆయుష్షునే.

మరి వీణ, వయొలిన్ లాంటి వాటిలో బ్రిడ్జి కదలకపోతే మనకు పాటే వినబడదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. అక్కడ తీగ బలాన్ని బ్రిడ్జి తీసుకుపోయి చెక్కకిస్తుంది, చెక్క గాలికిస్తుంది, గాలి మన చెవికిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులో ఆ వరస లేదు. తీగల కింద అయస్కాంతం మీద రాగి తీగ చుట్టిన పికప్ ఉంటుంది. ఉక్కు తీగ దాని ముందు అదిరితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటే స్పీకరు దాకా పోతుంది. పికప్‌కు తీగ తప్ప ఇంకేదీ వినబడదు. ఇత్తడి ఎంత తీయగా పలికినా, ఉక్కు ఎంత ఖంగుమన్నా దాని చెవిన పడదు. దిమ్మె చేయగలిగింది ఒక్కటే, తీగ నుంచి ఎంత తీసుకోవాలి, ఎంత వదిలెయ్యాలి అన్నది. మంద్రం వైపు ఎక్కువ తింటే స్వరం పలచనవుతుంది, అన్ని వైపులా తింటే తొందరగా చస్తుంది. నాదంలో వచ్చే మార్పంతా ఆ తిండిలోదే.

ఇక లోహాల కథ. 1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే పెద్ద సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొనేసింది. 1970ల మొదట్లో ఉక్కు కమ్మీని కోసి బెజ్జాలు వేసే పని మానేసి, జింకు మిశ్రమం కరిగించి అచ్చులో పోసే పద్ధతికి మారారు. పని తొందరగా తెముల్తుంది, ఖర్చు కలిసొస్తుంది. అప్పటి నుంచి గిటారు లోకంలో జింకుకు చెడ్డపేరు. ఆ దశాబ్దం చివర్లో ఇత్తడి పిచ్చి పట్టింది, బ్రిడ్జీ ఇత్తడే, తలకాయ దగ్గర తీగలు ఆనే నట్టూ ఇత్తడే. ఈ మధ్య టైటానియం, రాగి, చివరికి టంగ్‌స్టన్ కూడా దిగాయి. ధర వింటే టంగ్‌స్టన్ ముక్క కొనే డబ్బుకు ఒక మామూలు గిటారు వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పాత స్ట్రాటోకాస్టర్ ఉక్కు దిమ్మె 280 గ్రాముల చిల్లర ఉంటుందనుకోండి. సరిగ్గా అదే కొలతకు జింకు మిశ్రమంతో పోస్తే 240 గ్రాములొస్తుంది. ఇత్తడైతే 300 దాటుతుంది. రాగి 320. అల్యూమినియం 100 కూడా రాదు, టైటానియం 160. టంగ్‌స్టన్ మాత్రం 690 దాకా పోతుంది. ఉక్కుకూ ఇత్తడికీ తేడా నూటికి ఎనిమిది, ఉక్కుకూ జింకుకూ నూటికి పదిహేను. దీనికేనా ఇంత గొడవ? ఈ దిమ్మె ముందంచు మీద ఊగే వస్తువు కాబట్టి బరువొక్కటే చూస్తే చాలదు, ఆ బరువు ఆనిక నుంచి ఎంత దూరాన ఉందో కూడా చూడాలి. దూరం పెరిగేకొద్దీ ఊపుకు ఎదురు నిలిచే శక్తి దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల లోతున్న దిమ్మెను 30 మిల్లీమీటర్లకు కత్తిరిస్తే, లోహం ఏదైనా సరే, ఆ శక్తి సగం కన్నా తక్కువకు పడిపోతుంది. లోహం మారిస్తే వచ్చేది ఎనిమిది, పదిహేను పాళ్లు. ఒక్క సెంటీమీటరు కోస్తే పోయేది సగం పైన.

చౌక గిటార్లలో జరిగింది అదే. జింకు వాడటం ఒక తప్పయితే, దాన్ని పల్చగా, పొట్టిగా పోయడం పెద్ద తప్పు. గిటారు పల్చన చేస్తే చెక్క కలిసొస్తుంది, చెక్క పల్చనైతే దిమ్మె లోతు తగ్గించాలి. పేరు మాత్రం లోహానికి పడింది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి మా రాయచోటిలో జరిగిన ఒక పని కారణం. రాయచోటిలో ఏ వీధిలోకి పోయినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. అక్కడి నుంచి వచ్చే పెట్టెల్లో ఒకప్పుడు టేప్ రికార్డర్లు, ఇప్పుడు సెల్‌ఫోన్లు, అప్పుడప్పుడు గిటార్లు. అలా వచ్చిన ఒక గిటారును మేనమామ ఇస్తే ఒక పిల్లవాడు చర్చిలో ఆదివారం ఆరాధనకు వాయిస్తున్నాడు. ఒకరోజు నా దగ్గరికి తెచ్చాడు.

"అన్నా, పైతీగలు బాగానే పలకతాండాయి గానీ, లావు తీగ మీటితే తుస్సుమంటాది. పాట నెమ్మదిగా పోయేటప్పుడు నా గిటారు మాట ముందే అయిపోతాది. ఇత్తడి బ్లాక్ తెప్పిస్తే సరిపోతాదంట, నిజమేనా?"

వెనక మూత తీసి చూశాం. జింకు ముక్క, అడుగు వైపుకు సన్నగా వాలి, అక్కడక్కడా పోతలో గాలిబుడగలు మిగిలి ఉంది. ఊడదీసి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 130 గ్రాములు. ఇత్తడిది తెప్పించే ఖర్చు వాడి జేబుకు అందదు. అందుకని దాన్ని పట్టుకుని లేత్ షాపుకు పోయాం. ట్రాక్టరు బుష్‌లు, బోరు మోటారు షాఫ్టులు చేసే షాపు. అక్కడి భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ బండిది అబ్బీ?" అన్నాడు.

"ఏ బండిదీ కాదు భాయ్, గిటారుది."

"గిటారుకు ఇంజినుందా?" అని నవ్వి, వెర్నియర్ తీశాడు.

మెత్త ఉక్కు చదర కమ్మీ ముక్క ఒకటి షాపులో మూలన పడి ఉంది. దాన్ని కోసి చదును చెయ్యడం అర్ధగంట పని. అసలు కష్టం బెజ్జాలు. తీగ చివర చిన్న ఇత్తడి గుండు ఉంటుంది కదా, అది పట్టడానికి కింది నుంచి లావు బెజ్జం వెయ్యాలి, తీగ మాత్రం పోవడానికి పైనుంచి సన్న బెజ్జం వెయ్యాలి, రెండూ లోపల కలవాలి. ఆరూ ఒకే వరసలో రావాలి. సన్నటి డ్రిల్లు బిట్టు లోతుకు దిగేటప్పుడు పక్కకు జారుతుంది, భాయ్ కిరోసిన్ చుక్కలు వేస్తూ, బిట్టు పైకి తీసి పొట్టు ఊదుతూ, మళ్లీ దింపుతూ పోయాడు. రెండు బెజ్జాలు కలిసిన చోట గరుకు మిగిలితే తీగ ప్రతిసారీ అక్కడే తెగుతుందని చెబితే, సన్నటి ఎమరీ కాగితం చుట్టి లోపలంతా నున్నగా చేశాడు. పైముఖం మాత్రం ఆకురాయితో చేత్తోనే రుద్దాడు. అది చదునుగా లేకపోతే పలకకూ దిమ్మెకూ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది, ఆ సందు ఉన్నప్పుడు దిమ్మె వెండిదైనా ఒకటే, సీసమైనా ఒకటే. తయారయ్యాక తూచితే పాతదానికి రెట్టింపు దాటింది.

బిగించే ముందు వాడితో ఒక పేచీ పెట్టుకున్నాను. దిమ్మె మార్చినవాళ్లందరూ తీగలన్నీ ఊడదీస్తారు. ఊడదీశాక పాతవి ఎవరు ఎక్కిస్తారు, కొత్తవే వేస్తారు. స్క్రూలు బిగిస్తారు, స్ప్రింగులు సరిచేస్తారు, దుమ్ము తుడుస్తారు. సాయంత్రానికి గిటారు కొత్త గొంతుతో పాడుతుంది. పేరంతా దిమ్మెకు పోతుంది. చెమట పట్టి, మురికెక్కిన తీగ తీసి కొత్త తీగ వేస్తే వచ్చే మార్పు ముందు లోహాల మార్పు ఎందుకూ చాలదు. అందుకని ముందు పాత జింకు ముక్క మీదే కొత్త తీగలు వేయించి, స్క్రూలు బిగించి, ఫోన్లో రికార్డు చేశాం. తర్వాత ఉక్కు దిమ్మె పెట్టి, అదే రకం కొత్త తీగలు ఇంకో జత వేసి, అదే వరసలు మళ్లీ వాయించి రికార్డు చేశాం. ఏది ఏదో చెప్పకుండా నలుగురికి వినిపించాం.

సన్న తీగల్లో ఎవరూ తేడా పట్టలేకపోయారు. వాయించిన పిల్లవాడు కూడా తప్పు చెప్పాడు. లావు తీగల్లో మాత్రం అందరూ పట్టారు. మంద్రం నిలిచింది, మీటగానే వచ్చే బొంగురు తగ్గింది. బరువైన వస్తువును నెమ్మదిగా అదిరే అల కదిలించగలదు గానీ వేగంగా అదిరే అల కదిలించలేదు, కాబట్టి దిమ్మె బలహీనత బయటపడేది మంద్రంలోనే. ఆ తర్వాత సరదాకు ఇంకో పని చేశాం. పికప్‌లు తీగలకు మరీ దగ్గరగా ఉంటే స్క్రూ తిప్పి కొంచెం కిందికి దించాం. అయస్కాంతం తీగను లాగి పట్టుకుంటుంది, ఆ పట్టు వదిలేసరికి స్వరం ఇంకొంచెం నిలిచింది, శ్రుతిలో ఉన్న చిన్న వణుకు కూడా పోయింది. దానికి అయిన ఖర్చు సున్నా. భాయ్ చేత అంత పని చేయించి, చివర్లో స్క్రూడ్రైవరు తిప్పితే ఇంచుమించు అంతే ఫలితం వచ్చిందని ఆయనకు చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.

ఇంకో సంగతి. గిటారు మెడ మీద కొన్ని గళ్లలో స్వరం ఉన్నట్టుండి చచ్చిపోతుంది. పక్క గడిలో బాగానే పలుకుతుంది. వాయించేవాళ్లు ఈ దోషం కూడా బ్రిడ్జి మీదకే నెడుతుంటారు. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ త్స్వికర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలక్ట్రిక్ గిటార్ల అదురు కొలిచి 1998లో ప్రచురించారు. వాళ్లకు దొరికిన దోషి మెడ. తీగ అదిరే వేగమూ మెడ తనంతట తాను ఊగే వేగమూ ఒకటైన చోట, తీగ బలాన్ని మెడ లాగేసుకుంటుంది. బ్రిడ్జి వైపు పోయేది దానితో పోలిస్తే తక్కువ. మన ఎండల్లో మెడ చెక్క ఎండి వంగితే, మెడను ఒంటికి పట్టి ఉంచే నాలుగు స్క్రూలు వదులైతే, మీరు టంగ్‌స్టన్ దిమ్మె వేసినా ఆ గడిలో స్వరం బతకదు.

ఇంతవరకూ లోహం పలకదు, అడ్డం రాకుండా ఉంటే చాలు అని వాదిస్తూ వచ్చాను. ఈ మాట వీణ చేసేవాళ్ల ముందు అంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి ఏకాండి వీణలు చేసే కుటుంబాలున్నాయి. వీణ మీద తీగలు ఆనే గుర్రం కొయ్యదే, కానీ దాని నెత్తిన లోహపు రేకు అతికిస్తారు. ఆ రేకు బల్లలాగా చదునుగా ఉండదు, మధ్యలో లేచి అంచులకు వాలి, చూపుకు అందనంత సన్నగా వంపు తిరిగి ఉంటుంది. గిటారులో తీగ ఒక్క బిందువు మీద ఆనుతుంది. వీణలో తీగ అదిరేటప్పుడు ఆ వంపు మీద కొంతదూరం అతుక్కుంటూ, లేస్తూ, మళ్లీ అతుక్కుంటూ పోతుంది. ప్రతి అదురుకూ రేకును రాసుకుంటుంది. ఆ రాపిడిలో పుట్టేదే వీణకు ఉన్న ఝుం. ఇక్కడ లోహం నిజంగానే పాటలో పాలు పంచుకుంటుంది. రేకు మెత్తనైతే తీగలు దాని మీద గాడి కోస్తాయి. గాడి పడ్డ చోట నాదం మూగబోతుంది, అప్పుడు మళ్లీ రుద్ది వంపు తేవాలి. ఆ పనికి కొలబద్దలు అక్కరకు రావు, రుద్దేవాడు తీగ మీటుతూ, వింటూ, రుద్దుతూ పోవాల్సిందే.

తంబురలో ఇది ఇంకా స్పష్టం. గుర్రానికీ తీగకూ మధ్య సన్నటి నూలుపోగు ఒకటి దూర్చి ముందుకూ వెనక్కూ జరుపుతారు. ఒకచోట తీగ పొడిగా పలుకుతుంది, వెంట్రుకవాసి జరిపితే చుట్టూ స్వరాలు పూస్తాయి. తాళ్లపాక మన పక్కనే ఉంది, అన్నమయ్య బొమ్మ ఎక్కడ చూసినా చేతిలో తంబుర ఉంటుంది. బ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్ల భుజాన కూడా అదే. వాళ్లలో ఎవరూ భౌతికశాస్త్రం చదివి ఆ పోగు జరపలేదు. ఆ శాస్త్రం చూడవలసినవాడు మాత్రం చూశాడు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, కలకత్తాలో పనిచేస్తున్న రోజుల్లో 1921లో మన తంతి వాద్యాల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. తీగను ఏ చోట మీటితే, ఆ చోట కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు ఆ నాదంలో పుట్టకూడదని పడమటి శాస్త్రం నియమం. తంబుర, వీణల్లో అవి పుడుతున్నాయి, గట్టిగా వినబడుతున్నాయి. కారణం ఈ గుర్రమే అని ఆయన తేల్చాడు. రామన్ పేరు చెప్పగానే అందరికీ వెలుతురు గుర్తొస్తుంది, ఆయనకు వాద్యాలన్నా ప్రేమే.

కాబట్టి రెండు దారులు. మన గుర్రం తీగతో కలిసి పాడేందుకు చేసింది. ఫెండర్ దిమ్మె తీగ జోలికి పోకుండా ఉండేందుకు చేసింది. ఇత్తడి దిమ్మె వేస్తే ఇత్తడి నాదం వస్తుందనుకునే మన పిల్లలు తెలియకుండానే వీణ న్యాయం తెచ్చి గిటారుకు అంటగడుతున్నారని నాకనిపిస్తుంది. నిలుపు కావాలన్న ఆరాటం మాత్రం రెండు చోట్లా ఒకటే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ సంగతే తీసుకోండి. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటగానే టకీమని పలికి ఆగిపోతాయి, అందుకే పడమటివాళ్లు దాన్ని గబగబా అదిరిస్తూ వాయిస్తారు. గమకం పట్టాలంటే స్వరం నిలవాలి, జత తీగల్ని ఒక్క వేలితో లాగడమూ కష్టమే. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టి, ఐదో తీగ కలిపి, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. కర్ణాటక సంగీతానికి ఇది పనికిరాదన్న పెద్దలు తర్వాత ముందు వరసలో కూర్చుని విన్నారు. ఆయన వాద్యానికి ఊపే చువ్వ లేదు, స్ప్రింగులు లేవు. స్వరాన్ని ఊపిందంతా ఎడమచేతి వేళ్లే. ఆ చువ్వతో గమకం పలికిద్దామని చూసే గిటారు పిల్లలకు ఒక్క మాట, చువ్వ ఆరు తీగల్నీ కలిపి ఊపుతుంది, మన గమకానికి కావలసిన ఒక్క తీగను మాత్రం ఊపడం దానికి రాదు.

సమయం దగ్గర పడింది, అడిగినవాళ్లకు ఖర్చు సంగతి చెప్పి ముగిస్తాను. మీ గిటారు స్వరం నిలవడం లేదంటే ముందు తీగలు మార్చండి. మెడ స్క్రూలు, దిమ్మె పైనున్న మూడు స్క్రూలు బిగించి చూడండి. పలక ముందంచు మొన అరిగి గాడి పడిందేమో చూడండి, పడితే తీగ బలం అక్కడే పోతుంది, శ్రుతీ నిలవదు. పికప్‌లు దించండి. వెనక స్ప్రింగులు తమంతట తాము గీమని పాడుతుంటే వాటి మధ్య కొంచెం స్పాంజి ముక్క దూర్చండి. ఇవన్నీ అయ్యాక మూత తీసి దిమ్మె చూడండి. అది పూర్తి లోతున్న గట్టి ముక్కయితే, జింకుదైనా సరే, దాన్ని ఉండనివ్వండి. పల్చగా, పొట్టిగా ఉంటే, మీ గిటారు ఒంట్లో పట్టినంత లోతుకు ఉక్కుది చేయించుకోండి. ఇత్తడి మీద మనసైతే ఇత్తడిదే వేసుకోండి, చెడేదేమీ లేదు. టంగ్‌స్టన్‌కు మాత్రం నేను డబ్బు పెట్టను.

కొనే పనైతే కొనేముందు తీగల మధ్య ఎడం వెర్నియర్‌తో కొలవండి. పాత అమెరికా కొలతలో మొదటి తీగ నుంచి ఆరో తీగకు 56.4 మిల్లీమీటర్లు, ఆసియాలో చేసిన చాలా గిటార్లకు 52.5. చువ్వ దిగే మర కూడా అమెరికా గిటార్లకు ఒక రకం, మన దగ్గర దొరికే చైనా, ఇండోనేసియా గిటార్లకు మిల్లీమీటర్ల మర. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు, బలవంతంగా తిప్పితే కొత్త దిమ్మెలో మర చెడుతుంది. చెడితే దగ్గర్లో ఉన్న లేత్ షాపుకే పోవాలి.